ఛార్జి అప్పగించకుండా వెళ్ళిపోయిన మాస్టారు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. బందరు చరిత్ర అంటే డచ్చివారి సమాధులు, కలంకారీ, ఆంధ్ర జాతీయ కళాశాల, పట్టాభి సీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు. వీటి గురించి మన పాఠక మిత్రులు ఎన్నోసార్లు చదివి ఉన్నారు, నాకంటె బాగా చెప్పగలవారూ మనలో ఉన్నారు. అందుచేత ఈసారి ఒక ఫుట్‌బాలు కోచ్ గురించి రాస్తున్నాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాదు వారు. అందరూ రహీమ్ సాబ్ అనేవారు.

నేను క్రీడాకారుణ్ణి కానని ముందే మనవి చేస్తున్నాను. సర్వీసు మొత్తం మీద ఉద్యోగుల ఆటల పోటీల్లో క్యారమ్స్ తప్ప మరొకటి ఆడలేదు. కాని ఈయన జీవితం చదువుతుంటే ఒక ఆటగాడి కథకంటె ఒక ప్రభుత్వ ఉద్యోగి కథ కనబడింది. జీతం రాళ్ళ మీద బతికిన బడిపంతులు, పని మీద ప్రాణం పెట్టినవాడు, సర్వీసులో ఉండగానే పోయినవాడు. ఆయన పోయాక ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా మిగిలిందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. రిటైరైన మన అందరికీ ఆ ప్రశ్నతో సంబంధం ఉందని నా ఉద్దేశం.

హైదరాబాదు మనిషి గురించి బందరు వాళ్ళకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. గోల్కొండ రాజ్యానికి రేవు మన బందరే. ఆ రాజ్యపు సరుకంతా ఈ తీరాన్నే ఓడలెక్కేది. ఆ తరువాత మనం ఇంగ్లీషు పాలనలోకి, వారు నిజాం ఏలుబడిలోకి విడిపోయాం. మళ్ళీ 1956 నవంబరు 1న ఒక రాష్ట్రమయ్యాం. 2014 జూన్ 2న రెండయ్యాం. మధ్యలో గడిచిన 57 ఏళ్ళ 7 నెలల్లో మనలో చాలామంది సర్వీసు మొదలై ముగిసింది. సి.కె.నాయుడుగారి పూర్వీకులు మన బందరు వారని గర్వంగా చెప్పుకుంటాం గదా, ఉమ్మడి రాష్ట్రంలో పనిచేసిన రహీమ్ సాబ్‌ను తలుచుకోవడంలో తప్పేముంది?

బడిపంతులు

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. విద్యార్థిగా అక్కడి జట్టులోను, తరువాత నగరంలోని స్థానిక క్లబ్బుల్లోను ఫుట్‌బాలు ఆడారు. మంచి ఆటగాడే గాని, దేశమంతా చెప్పుకునేంత పేరు ఆటగాడిగా రాలేదు. డిగ్రీ పూర్తి చేసి ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని బడి పిల్లల ఆటల బాధ్యత కూడా చూశారు.

1943 నుంచి చనిపోయేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. సంఘం కార్యదర్శి పని ఎలాంటిదో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఉత్తరాలు రాయడం, చందాలు వసూలు చేయడం, లెక్కలు చూపడం, అలిగినవాళ్ళను బతిమాలడం. రహీమ్ సాబ్ వీటితోపాటు మరొకటి చేశారు. కుర్రాళ్ళకోసం ప్రత్యేకమైన పోటీలు పెట్టారు. ఒక పోటీలో బంతిని కాళ్ళమధ్య తిప్పుకుంటూ ఒక్కడే పోవడం నిషిద్ధం, వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొక పోటీలో చేతకాని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటంవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటంవాడు కుడికాలితో.

వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గాని దీని వెనుక పెద్ద ఆలోచన ఉంది. ఆ రోజుల్లో మన దేశంలో ఎవరి గొప్ప వారిదే. బంతి దొరికినవాడు నలుగురిని తప్పించుకుని పోతే గ్యాలరీలో చప్పట్లు. బంతి వదలకపోతే జట్టు ఓడిపోతుంది. ఈ సంగతి ఉపన్యాసం చెబితే కుర్రాళ్ళ చెవికెక్కదు. అందుచేత ఆట నిబంధననే మార్చి, పాఠం కాళ్ళకు నేర్పారు. పంతులుగారి బుద్ధి అంటే ఇదే.

తుళసీదాస్ బలరామ్ అనే కుర్రవాడు సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో బీద కుటుంబంలో పుట్టాడు. అతని ఆట రహీమ్ సాబ్ కంటబడింది. అమ్ముగూడ నుంచి రోజూ నగరానికి వచ్చి సాధన చేయడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బు లేకపోతే, రహీమ్ సాబే సైకిలుకు ఏర్పాటు చేశారు. ఆ కుర్రాడే తరువాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1962లో అర్జున అవార్డు పొందాడు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించేవరకు దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్ళలో ఒకడిగా ఆయన పేరు చెప్పుకున్నారు.

పోలీసు జట్టు

1950 నుంచి రహీమ్ సాబ్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్‌గా పనిచేశారు. పోలీసు శాఖలో ఉద్యోగాలు చేసుకునేవారే జట్టులో ఉండేవారు. పెద్ద జీతాలు కావు. కలకత్తా క్లబ్బులకు ఉన్న డబ్బు, జనబలం వీరికి లేవు. నెల తిరిగేసరికి వచ్చే జీతం, తలమీద టోపీ, అంతే.

ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950, 1951, 1952, 1953, 1954 సంవత్సరాల్లో వరుసగా అయిదుసార్లు గెలిచింది. రోవర్స్ కప్పు 1891లో మొదలైన పోటీ. అంతకంటె పాతదైన డ్యూరాండ్ కప్పు 1888 నాటిది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి పోలీసు జట్టు ఆ కప్పునూ గెలిచింది. మళ్ళీ 1954లోను, 1957లోను గెలిచింది. రాష్ట్రం ఏర్పడ్డాక జట్టు పేరు ఆంధ్ర పోలీసుగా మారింది. ఆ పేరుతో 1961లో డ్యూరాండ్ ఫైనల్లో మళ్ళీ మోహన్ బగాన్‌నే ఓడించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58 సంవత్సరాల్లో వరుసగా రెండుసార్లు సాధించింది.

ఫుట్‌బాలు అంటే బెంగాలు అని దేశమంతా అనుకునే కాలమది. అలాంటప్పుడు హైదరాబాదు నుంచి కానిస్టేబుళ్ళ జట్టు వచ్చి పన్నెండేళ్ళపాటు ఎదురు నిలవడం అదృష్టంవల్ల అయ్యే పని కాదు. దాని వెనుక ఉన్నది ఒక పద్ధతి. ఒక ఆటగాడు రిటైరయ్యేనాటికి వాడి స్థానంలో నిలబడే కుర్రాడు పక్కనే తయారై ఉండేవాడు. మన భాషలో చెప్పాలంటే సీనియారిటీ లిస్టు ఎప్పుడూ అప్‌టుడేట్‌గా ఉండేది.

హెల్సింకీ దెబ్బ, మెల్‌బోర్న్ లెక్క

1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీమ్ సాబ్ భారత జట్టు కోచ్. శైలేన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించాం. గోలు కొట్టినవాడు మేవాలాల్. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్ళకు దక్కిన బంగారు పతకమది.

మరుసటి సంవత్సరం 1952లో హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా మీద 10-1తో ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. మన ఎండకు ఎండిన మైదానాల్లో వట్టికాళ్ళతో ఆడటం వేరు, ఉత్తర ఐరోపా చలిలో తడిసిన గడ్డిమీద బూట్ల కాళ్ళ ఎదుట ఆడటం వేరు. ఆ దెబ్బ తరువాత అఖిల భారత సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

పది గోళ్ళతో ఓడి ఇంటికి వస్తే ఎవరికైనా తలవంపే. మన ఆఫీసుల్లో అయితే సంజాయిషీ మెమో వస్తుంది, మనం ఎదుటివాడి మీద వేసి జవాబు రాస్తాం. రహీమ్ సాబ్ ఓటమిని కూడా పాఠ్యపుస్తకంగా చదివారు. మనవాళ్ళ పాత పద్ధతిలో వెనుక ఇద్దరే కాపలా, ముందు అయిదుగురు దాడి. వేగంగా వచ్చే జట్లముందు ఆ ఇద్దరు ఏ మూలకూ చాలరు. ప్రపంచం అప్పటికే మారుతున్నది. 1953 నవంబరులో హంగరీ జట్టు లండనుకు వెళ్ళి వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. హంగరీవాళ్ళ కిటుకు ఏమిటంటే, ముందు వరుసలో మధ్యన ఉండవలసినవాడు కావాలనే వెనక్కి వచ్చి ఆడాడు. అతని వెంట వెళ్ళాలా, తమ చోటునే ఉండాలా తెలియక ఇంగ్లండు కాపలాదార్లు తికమకపడ్డారు.

ఇలాంటి మార్పులను రహీమ్ సాబ్ జాగ్రత్తగా గమనించి మనవాళ్ళకు తగినట్టు మలిచారు. టెలివిజన్ లేదు, వీడియో లేదు. విదేశీ జట్లతో ఆడినప్పుడు చూసింది, పత్రికల్లో చదివింది, మైదానంలో మట్టిమీద గీసి చూపింది. అంతే ఆయన సామగ్రి.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ లెక్క తేలింది. డిసెంబరు 1న, అంటే మన రాష్ట్రం ఏర్పడి సరిగ్గా నెల తిరిగిన రోజున, క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాలు సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోలు మనమే కొట్టి, చివరకు 4-1తో ఓడాం. నాలుగేళ్ళ కిందట పది గోళ్ళు కొట్టినవాళ్ళు వీళ్ళే. మూడో స్థానానికి జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. మనకు నాలుగో స్థానం దక్కింది. ఇప్పటికీ ఒలింపిక్ ఫుట్‌బాలులో మన అత్యుత్తమ ఫలితం అదే. ఆ జట్టులో బలరామ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళున్నారు.

రోమ్‌లో తండ్రీ కొడుకులు

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనకు హంగరీ, ఫ్రాన్సు, పెరూ ఎదురయ్యాయి. హంగరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడాం. ఫ్రాన్సుతో 1-1గా సరిసమానం చేశాం. గెలుపు చేతికంది జారిపోయింది. పెరూ మీద 3-1తో ఓడాం. ఫ్రాన్సు మీద గోలు కొట్టినవాడు కెప్టెన్ పి.కె.బెనర్జీ. హంగరీ మీద, పెరూ మీద మన గోళ్ళు అమ్ముగూడ బలరామ్‌వి.

ఈ పర్యటనలో ఒక విషయం కుటుంబాలు గల మనబోటి వాళ్ళు గమనించదగ్గది. ఆ జట్టుకు ఎంపికైనవారిలో రహీమ్ సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ ఉన్నాడు. తండ్రే కోచ్. మూడు ఆటల్లోనూ హకీమ్‌కు అవకాశం రాలేదు, బయట కూర్చునే వచ్చాడు. ఒలింపిక్స్‌లో ఒక్క అయిదు నిమిషాలు ఆడినా జీవితాంతం చెప్పుకునే గౌరవం. ఇవ్వగలిగిన స్థానంలో తండ్రి ఉండి ఇవ్వలేదు. బదిలీల సమయంలో, పోస్టింగుల సమయంలో మన ఆఫీసుల్లో ఏం జరిగేదో మనకు తెలుసు. అందుకే ఈ సంగతి నాకు జకార్తా పతకమంత పెద్దదిగా తోచింది.

హకీమ్ అందుకు చిన్నబుచ్చుకుని ఆటను వదల్లేదు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశాడు, అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో జాతీయ జట్టుకు సహాయ కోచ్‌గా ఉన్నాడు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుని, 2021 ఆగస్టులో మరణించాడు.

జకార్తా, 1962 సెప్టెంబరు 4

రహీమ్ సాబ్ జీవితానికి శిఖరం జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయనకు క్యాన్సర్ సోకింది. ఒంట్లో శక్తి తగ్గిపోతున్నా జట్టు వెంట వెళ్ళారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించి ఫైనల్ చేరాం. ఎదుటి జట్టు మళ్ళీ దక్షిణ కొరియాయే.

ఆటకంటె పెద్ద చిక్కు బయట వచ్చిపడింది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు ఇండోనేసియా రానివ్వలేదు. ఆసియా క్రీడల స్థాపకుల్లో ఒకరైన మన జి.డి.సోంధీగారు, ఆ రెండు దేశాలు లేకుండా వీటిని ఆసియా క్రీడలనడం సరికాదన్నారు. దానితో జకార్తా జనం మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్ళు బస్సులో సీట్లమీద కూర్చుంటే రాళ్ళు పడతాయని కిందకు వంగి ప్రయాణం చేయవలసి వచ్చింది. ఫైనల్ రోజున సుమారు లక్షమంది ప్రేక్షకులు. మన జట్టు పేరు ఎత్తితే చాలు, కేకలు, ఈలలు. ఆ లక్షమందిలో మనవాళ్ళను ఉత్సాహపరిచినవాళ్ళు గుప్పెడుమందే. వారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళున్నారు. రాజకీయాలు ఎలా ఉన్నా ఆటగాడి మనసు ఆటగాడికి తెలుస్తుంది.

జట్టు సగం దెబ్బలతో ఉంది. వెనుక కాపలాకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మరొకరైతే అతన్ని బయట కూర్చోబెట్టేవారు. రహీమ్ సాబ్ అతన్ని ముందు వరుసకు పంపించారు. దెబ్బ తగిలినవాడు గదా, ఏం చేస్తాడులే అని ఎదుటివారు అనుకోవచ్చు, బలిష్ఠుడైన అతను బంతి గాలిలో వస్తే అందుకోగలడు. సెమీఫైనల్లో అతనొక గోలు కొట్టాడు. అంతకుముందు ఆటల్లో గోల్‌కీపరుగా ప్రద్యుత్ బర్మన్ బాగా ఆడినా, ఫైనల్‌కు ఆజానుబాహువైన పీటర్ తంగరాజ్‌ను దించారు. తంగరాజ్ జన్మస్థలం కూడా హైదరాబాదే.

ఫైనల్ ముందు రాత్రి రహీమ్ సాబ్ ఆటగాళ్ళను పిలిచి, రేపు మీరు నాకొక కానుక ఇవ్వాలి, అది బంగారు పతకం, అని అడిగారట. అంతవరకు ఎవరినీ ఏమీ అడగని మనిషి అడిగాడు.

మరునాడు ఆట మొదలైన ఇరవై నిమిషాల్లో పి.కె.బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతో జర్నైల్ సింగ్ రెండో గోలు కొట్టారు. కొరియా చివర్లో ఒక్కటే కొట్టగలిగింది. 2-1తో స్వర్ణం మనది. చునీ గోస్వామి కెప్టెన్. ఆ పదకొండుమందిలో బలరామ్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్ళు. నాకప్పుడు పన్నెండేళ్ళు. మా నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని పత్రిక చదువుతూ ఈ వార్త నలుగురికీ వినిపించడం జ్ఞాపకం ఉంది. కోచ్ పేరు మాత్రం ఆ రోజున మా వీధిలో ఎవరూ ఎత్తలేదు.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు. 54వ ఏడు నిండలేదు.

కుర్చీ ఎందుకు ఖాళీ అయింది

1964 ఆసియా కప్పులో మనం రెండో స్థానంలో నిలిచాం. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపానును 1-0తో ఓడించి కాంస్యం తెచ్చుకున్నాం. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు పతకం రాలేదు. 1960 తరువాత ఒలింపిక్స్‌కు అర్హతే పొందలేదు. మన రాష్ట్రం 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే చివరిది.

రహీమ్ పోయారు గనుక ఫుట్‌బాలు పోయిందని చెప్పడం తేలిక. ఒక్క మనిషి చావుతో ఇంత నష్టం ఎలా జరుగుతుందని ఆలోచిస్తే మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, ప్రపంచం వేగంగా ముందుకు పోయింది. ఇతర దేశాలవాళ్ళు 90 నిమిషాల ఆటకు దేహాన్ని సిద్ధం చేసుకుంటూ ఉంటే, మన దేశవాళీ పోటీల్లో 1970ల దాకా 70 నిమిషాలే ఆడేవారు. మన ఆటగాడు విదేశంలో చివరి ఇరవై నిమిషాలు ఒగర్చడంలో వింతేముంది? జపాను, కొరియా దేశాలు పద్ధతి ప్రకారం తయారయ్యాయి. మనం పాత పతకాలు చూసుకుంటూ కూర్చున్నాం.

రెండోది, హైదరాబాదు ఆటగాళ్ళు కలకత్తాకు వలసపోవడం. బలరామ్ వెళ్ళాడు, తరువాత నయీముద్దీన్, హబీబ్ వెళ్ళారు. అక్కడ జనం ఉన్నారు, డబ్బుంది, పేరుంది. వారిని తప్పుపట్టలేం. రహీమ్ సాబ్ బతికి ఉండగా కూడా వెళ్ళారు. కాని వెళ్ళినవాడి స్థానంలో మరొకణ్ణి తయారుచేసే మనిషి అప్పుడున్నాడు, తరువాత లేడు.

మూడోది నా దృష్టిలో ముఖ్యమైనది. ఆయన పద్ధతి ఆయన తలలోనే ఉండిపోయింది. ఆ కుర్రాళ్ళ పోటీలు, ఎడమకాలి ఆటలు, ఆటగాణ్ణి గుర్తుపట్టే కన్ను, వీటిని ఒక వ్యవస్థగా నిలబెట్టి రెండోవాడికి అప్పజెప్పే ఏర్పాటు జరగలేదు. అది ఆయన లోపం అనను. జబ్బుపడ్డ మనిషి, తొమ్మిది నెలల్లో పోయాడు. పక్కన ఒక సహాయకుణ్ణి నియమించి, ఈయన చేసేదంతా నేర్చుకో, రాసి పెట్టు అని చెప్పవలసినవాళ్ళు పైన ఉన్నవాళ్ళు. పతకం వచ్చినప్పుడు దండలు వేశారు, ఛార్జి ఎవరికి అప్పగించాలో ఆలోచించలేదు.

ఇక్కడ నా సర్వీసులోని ఒక సంగతి చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను జూనియర్ అసిస్టెంటుని. సహాయక పనులమీద అవనిగడ్డ వైపు వేశారు. మాకు పైన ఉన్న హెడ్‌క్లర్కుగారు రిటైర్మెంటుకు దగ్గరపడినవారు. ఏ గ్రామానికి ఏ దారిన వెళ్ళాలి, నష్టం రిజిస్టరులో ఏ కాలమ్ ఎలా రాయాలి, ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు కలిసిపోకుండా ఎలా చూడాలి, ఇవన్నీ ఆయనకు నోటికి వచ్చు. రాత్రి లాంతరు దగ్గర మా నలుగురు కుర్రాళ్ళను కూర్చోబెట్టి, ఒరేయ్ అబ్బాయిలూ, నేను రేపో మాపో పోయేవాణ్ణి, రాసుకోండిరా, అని ఒక్కొక్కటి చెప్పేవారు. అప్పుడు విసుగనిపించింది. తరువాత ముప్ఫయ్యేళ్ళు తుఫాను వచ్చిన ప్రతిసారీ ఆ నోటుపుస్తకమే మాకు దారి చూపింది. ఆయనకు ఏ పతకమూ రాలేదు. ఛార్జి మాత్రం పూర్తిగా అప్పగించి వెళ్ళారు.

శిష్యుడొకడు మిగిలాడు

దీపం పూర్తిగా ఆరిందనీ చెప్పలేం. 1944లో హైదరాబాదులోనే పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ పోలీసు జట్టులో ఆడి, కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1970లో బ్యాంకాక్ కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ ఆయనే. ఆ జట్టులో హైదరాబాదు మహమ్మద్ హబీబ్ కూడా ఉన్నాడు. నయీముద్దీన్‌కు ఆ సంవత్సరమే అర్జున అవార్డు వచ్చింది. ఆట విరమించాక కోచ్ అయ్యాడు. 1990లో ద్రోణాచార్య అవార్డు పొందాడు. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1997లో కాట్మండులోను, 2005లో కరాచీలోను దక్షిణాసియా చాంపియన్‌షిప్ గెలిచింది. బంగ్లాదేశ్ వెళ్ళి అక్కడా కోచ్‌గా పనిచేశాడు. క్రమశిక్షణ విషయంలో చాలా గట్టివాడని పేరు. ఆటగాడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య రెండూ అందుకోవడం అరుదైన గౌరవం.

రహీమ్ సాబ్‌కు ద్రోణాచార్య రాలేదు. రావడానికి వీలూ లేదు. ఆ అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు.

2024 ఏప్రిల్‌లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ ఆ పాత్ర వేశాడు. మా మనవడు దాన్ని టీవీలో పెట్టుకుని చూస్తూ, తాతయ్యా, ఈయన నిజంగా ఉన్నాడా, కథా, అని అడిగాడు. ఉన్నాడురా, మన రాష్ట్రంవాడే, అన్నాను. మరి మా పుస్తకంలో లేడేం, అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం రాయడానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణం.

2019లో హైదరాబాదు పేరుతో ఒక వృత్తి క్లబ్బు ఏర్పడి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. సంతోషించాం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. కొన్న జట్టు కొన్నవాడితో పోతుంది, బడి మైదానంలో మొలిచిన జట్టుకు వేర్లు ఉంటాయి. అదే 2025 ఆగస్టులో చాలా ఏళ్ళ తరువాత జాతీయ జట్టుకు మన దేశస్థుడు, మాజీ ఆటగాడు ఖాలిద్ జమీల్‌ను కోచ్‌గా నియమించారు. విదేశీ కోచ్‌లే రావాలా, మనవాళ్ళు చాలరా అన్న చర్చ మళ్ళీ మొదలైంది. ఆ చర్చకు 1956లోను, 1962లోను జవాబు చెప్పినవాడు ఒక బడిపంతులు.

మనం చేయదగినది

మన జిల్లాలో ఫుట్‌బాలు కంటె కబడ్డీ, వాలీబాలు ఎక్కువ. దివిసీమ గ్రామాల్లో కోతలయ్యాక పొలాల్లో నెట్ కట్టి ఆడే కుర్రాళ్ళను ఇప్పటికీ చూస్తాం. గుడివాడలో స్టేడియం ఉంది. బందరులో కాలేజీ మైదానాలున్నాయి. కుర్రాళ్ళున్నారు. వాళ్ళను కనిపెట్టి, సైకిలు ఏర్పాటు చేసి, మట్టిమీద గీసి చూపించే మనిషి కావాలి.

మన సంఘంలో రిటైరైన వ్యాయామోపాధ్యాయులు, హెడ్‌మాస్టర్లు, పోలీసు శాఖవారు ఎందరో ఉన్నారు. పెన్షను, డి.ఏ. బకాయిలు, వైద్య బిల్లుల గురించి నెలనెలా సమావేశమవుతున్నాం. అవి అవసరమే. వాటితోపాటు, మనకు తెలిసిన పని ఏదైనా సరే, ఆట గాని, దస్తూరి గాని, సర్వే లెక్క గాని, కాలువ నీటి వాడకం గాని, ఒక నోటుపుస్తకంలో రాసి ఒక్క కుర్రాడికైనా నేర్పగలమేమో ఆలోచించవలసిందిగా మిత్రులను కోరుతున్నాను. రిటైర్మెంటు రోజున మనం ఇచ్చింది బీరువా తాళాలు, ఫైళ్ళ జాబితా మాత్రమే. అసలు ఛార్జి చాలావరకు ఇంకా మన దగ్గరే ఉంది.